జ్ఞానదంతం తీయించాక వాడిన గులాబీ రంగు మౌత్‌వాష్: అయిదుకి నాలుగు మార్కులు

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం. సీసా మీద చూడాల్సింది ఈ ముక్కే. గుంటూరు కొత్తపేటలో ఏ మందుల షాపుకెళ్లి మౌత్‌వాష్ అడిగినా నీలం రంగువి, పచ్చవి ముందు పెడతారు. అవి నోటి వాసనకి వాడేవి. కొన్నింట్లో ఆల్కహాల్ ఉంటుంది, కోసిన చిగురుకి తగిలితే చుక్కలు కనిపిస్తాయి. డాక్టరు చీటీ చూపించి అందులో రాసిందే తీసుకోండి. మందు ఒకటే కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు.

నాకు కింది దవడలో పన్ను అడ్డంగా పడుకుని ఉంది. చిగురు కోసి, పన్ను ముక్కలు చేసి తీసి, కుట్లేశారు. మిర్చి యార్డులో గుమాస్తాని. ఆ ఘాటులో కాలు పెడితే తుమ్ములే కాబట్టి సెలవు పెట్టేశాను.

మొదటి 24 గంటలు మౌత్‌వాష్ జోలికి పోవద్దన్నారు. గుంటలో గడ్డకట్టే రక్తమే పుండుకి కట్టు లాంటిది. గట్టిగా పుక్కిలించినా, ఉమ్మినా, స్ట్రా పెట్టి పీల్చినా అది ఊడొచ్చి లోపలి ఎముక బయటపడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. కింది జ్ఞానదంతాలకే ఎక్కువ. మా యార్డులో ఒకాయన సిగరెట్ ఆపలేక అది తెచ్చుకున్నాడు, మూడో రోజుకి నొప్పి చెవిదాకా లాగిందట.

రెండో రోజు నుంచి పొద్దున, రాత్రి 10 మిల్లీలీటర్లు. పుక్కిలించడం అంటే మనకి గొంతులో గరగరలాడించడమే గుర్తొస్తుంది. ఇక్కడ అది పనికిరాదు. మందు నోట్లో పోసుకుని, తల మెల్లగా పన్ను తీసిన వైపు వంచాలి. మందు దానంతటదే గుంటలోకి చేరుతుంది. కాసేపు అలాగే ఉంచి, మళ్లీ అటూ ఇటూ వంచి, సింకు మీదికి ఒంగి నోరు తెరిస్తే చాలు, కారిపోతుంది. ఉమ్మే పని లేదు. మొదట్లో మందుతో పాటు సన్నటి ఎర్రజీర, ఒకటీ అరా అన్నం మెతుకు కూడా వచ్చేవి. ఆ మూలకి బ్రష్ పోదు, వేలు పెట్టకూడదు. సూక్ష్మజీవుల్ని అదుపులో పెట్టే మందు అక్కడిదాకా వెళ్లడమే దీని గొప్ప. నాకు చీము పట్టలేదు, వాసనా రాలేదు.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. పేస్టుతో తోముకున్న వెంటనే ఇది పోసుకుంటే సగం వృథా. పేస్టులో నురగ తెప్పించే పదార్థం ఈ మందు పనిచేయకుండా అడ్డుకుంటుంది. అరగంట ఆగాలి. వాడాక కూడా మరో అరగంట ఏమీ తినకూడదు, మంచినీళ్లతో కడిగేయకూడదు.

ఇక మార్కు ఎందుకు కోశానంటే, ఉప్పు. తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, ఉప్పు మాత్రం నాలుక మీద నుంచి మాయం. కారం ఎలాగూ వద్దన్నారని మెత్తగా కలిపిన పెసరపప్పు అన్నం పెడితే, ఉప్పేశావా అని మా ఆవిడని రోజూ అడగడమే. చివరికి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, “మీ నోటికి మీరే చూసుకోండి” అంది. ఈ మందు గుణమే అది, ఆపేశాక మళ్లీ మామూలైంది.

మా అత్తగారు మాత్రం గోరువెచ్చటి ఉప్పునీళ్లు చాలంటారు. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక నేను వాడింది అవే, గ్లాసుకి అర చెంచా ఉప్పు. ఖర్చు లేదు, మరకలు పడవు.

అవును, మరకలు. ఈ మందు వాడుతూ టీ తాగితే పళ్ల మీద గోధుమరంగు పట్టేస్తుంది. యార్డులో టీ లేకుండా తూకం కూడా కదలదు, సెలవు అయ్యాక నాకది తప్పలేదు. కింది ముందు పళ్ల సందుల్లో గీతలు పడ్డాయి, బ్రష్‌కి లొంగలేదు. అందుకే డాక్టరు చెప్పినన్నాళ్లే వాడి ఆపేయాలి. మిగిలింది రోజూ వాడతానని మా బావమరిది అడిగితే ఇవ్వలేదు.

మరకలు క్లీనింగ్‌లో పోయాయి. దానికైన డబ్బులతో ఇలాంటి సీసాలు ఇంకో నాలుగు వచ్చేవి.