ఖాతాకు తాళం, గుట్టెక్కిన మెట్ట చేను: సొంత కంప్యూటర్లో ఏఐ, ఏడాది వాడాక

గెమ్మా 3 (గూగుల్ ఉచితంగా ఇచ్చే ఏఐ మోడల్) ఏంటో, ఒల్లామా (అలాంటి మోడల్‌ను నెట్ లేకుండానే సొంత కంప్యూటర్లో నడిపే ప్రోగ్రాం) ఎలా ఎక్కించాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, అవి వదిలేస్తున్నా. కర్నూల్లో మాది చిన్న డీటీపీ షాపు. దస్తావేజులు, అఫిడవిట్లు ఇంగ్లీషులోకి మార్చడమే సగం పని.

ముందు నెలనెలా డబ్బు కట్టి ఒక కంపెనీ ఏఐ వాడేవాణ్ణి. ఒక రోజు పొద్దున పదింటికి, బెంచీ మీద నలుగురు కూర్చుని ఉండగా, లాగిన్ అవ్వలేదు. ఖాతాలో ఏదో అనుమానాస్పదంగా జరిగిందట. నేను చేసిందల్లా వారసత్వ అఫిడవిట్లు! రెండేళ్లు దిద్దుకున్న నమూనాలన్నీ అందులోనే. మెయిల్ పెడితే మెషీన్ జవాబిచ్చింది. మళ్లీ పెడితే అదే జవాబు, టికెట్ నంబరు మాత్రం మారింది. పదకొండో రోజు దానంతటదే తెరుచుకుంది. ఎందుకు మూశారో, ఎందుకు తెరిచారో ఈరోజుకీ తెలియదు. అన్నాళ్లూ రాత్రి ఒంటిగంట దాకా చేత్తో టైప్ చేశాను.

అప్పుడు మా అక్క కొడుకు, "మామా, ఇది ఊరికే పడుంది" అని తన గేముల కార్డు (గ్రాఫిక్స్ కార్డు) తెచ్చి నా కంప్యూటర్లో బిగించాడు. 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060. గెమ్మా 3లో 12బీ అనే సైజు ఫైలు 8 జీబీ చిల్లర, ఆ మెమరీలో పట్టింది. తర్వాత డ్రైనేజీకి తవ్వుతూ కేబుల్ తెంచేస్తే వీధంతా నెట్ లేదు, నా పని మాత్రం ఆగలేదు. ఆ సాయంత్రం నా సంబరం చెప్పలేను.

అలాగని అంతా బాగుందనను. ఒక పెద్దాయన దస్తావేజులో 'మెట్ట భూమి'ని గెమ్మా 'హిల్ ల్యాండ్' చేసింది. కొడుకు చదివి చెప్పగానే, "ఏమబ్బీ, నా చేను గుట్టెప్పుడెక్కింది?" అన్నాడు. పరువు పోయింది. మెట్ట, మాగాణి, పోరంబోకు అంటూ అరవై మాటల పట్టిక రాసి ప్రతిసారీ ముందు తగిలిస్తున్నా, ఇప్పుడు నయం. మే నెలలో కార్డు ఫ్యాన్ హోరుకు ఫోన్ కూడా వినపడదు. కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలే.

సొంతం అంటున్నా గానీ, చిప్పు ఎన్విడియాది, మోడల్ గూగుల్‌ది, వాడకం షరతులూ వాళ్లు రాసినవే. వాళ్లు కొత్త మోడల్ ఇవ్వకపోతే నేను చేసేదేమీ లేదు. కాకపోతే నా డిస్కులో ఉన్న ఫైలుకు దూరం నుంచి ఎవరూ తాళం వేయలేరు. నాకు కావలసింది అదే.

కార్డు ఊరికే దొరికింది కాబట్టి ఇంత ధీమా. కొనాల్సి వస్తే వెనకాడేవాణ్ణేమో. పాత ఖాతా కూడా ఇంకా మూయలేదు, చేతిరాత దస్తావేజుల ఫోటోలు చదవాలంటే అదే గతి. ఆ ఫోటో కంపెనీకి వెళ్తుంది కాబట్టి, ఆధార్ నంబరు మీద కాగితం ముక్క పెట్టి తీస్తున్నా.