సలాలాలో మూడు రోజులు: ముసురూ, లుబానూ

మస్కట్ ఎండ పడలేక ఆగస్టులో సలాలా వెళ్ళాం. కారులో అయితే వెయ్యి కిలోమీటర్లు, దాదాపు అంతా ఎడారే. పిల్లలతో ఎందుకని విమానం ఎక్కితే గంటన్నర. దిగేసరికి తుంపర.

ఒమన్ దక్షిణాన ఉన్న ఈ ధోఫార్ తీరానికి జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు తగులుతాయి. ఈ కాలాన్ని ఖరీఫ్ అంటారు. కొండల పచ్చదనం చూడ్డానికి గల్ఫ్ అంతా ఇక్కడే ఉంటుంది. మేం కోనసీమవాళ్ళం. కొబ్బరి తోటలూ, అరటి గెలలూ చూసి "దీనికోసమా ఇంత ఖర్చు!" అని నవ్వుకున్నాం. వాదీ దర్బాత్ అనే లోయకి శుక్రవారం వెళ్ళడం మా తెలివితక్కువ, కారు పెట్టడానికే గంట పట్టింది. ముగ్‌సైల్‌లో మాత్రం రాతి కన్నాల్లోంచి సముద్రం ఎగజిమ్ముతుంటే పిల్లలు కదల్లేదు.

బస దగ్గర దెబ్బతిన్నాం. ఫొటోలు చూసి బుక్ చేసిన అపార్ట్‌మెంట్‌లో దుప్పట్లు చెమ్మ, గోడలకు బూజు. సీజన్ రేట్లు కదా, అడిగితే భుజాలెగరేశారు. రెండో రోజు హఫా బజారు దగ్గరి చిన్న హోటల్‌కి మారాం. గది ఇరుకే, కానీ పొడిగా ఉంది, కింద మలయాళీల టిఫిన్ దొరికింది.

నాకు నచ్చింది సుమ్‌హురం. ఖోర్ రోరీ కయ్య ఒడ్డున, రెండు వేల ఏళ్ళ కిందటి రేవు పట్టణం. గుమ్మం దగ్గర రాతి మీద ప్రాచీన దక్షిణ అరేబియా లిపి. లుబాన్, అంటే ఇక్కడి సాంబ్రాణి, ఈ రేవు నుంచే ఓడలెక్కేది. మన సాలభంజికలాంటి కంచు బొమ్మ కూడా తవ్వకాల్లో దొరికింది.

లుబాన్ చెట్లు చూడాలంటే కొండలు దాటి ఉత్తరాన వాదీ దౌకా వెళ్ళాలి. ఘాట్ రోడ్డులో పొగమంచుకి ముందు కారు కనబడదు, ఒంటెలు మాత్రం అడ్డంగా నిలబడతాయి. కాస్త టెన్షనే. కొండ దిగగానే మంచు తెగిపోయి ఎండ కొడుతుంది. లుబాన్ చెట్టుకి ఆ పొడి నేలే కావాలట. బెరడు గీసిన చోట పాలు కారి చుక్కలుగా గట్టిపడతాయి. ఒక చుక్క ముట్టుకుంటే పనస పాలలా వేలికి అంటుకుని, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా నిమ్మ వాసనే.

ఈ సుమ్‌హురం, వాదీ దౌకాలతో పాటు అల్ బలీద్, షిస్ర్ శిథిలాలు కూడా 2000లో యునెస్కో జాబితాకెక్కాయి. షిస్ర్ దూరమని వదిలేశాం.

బజారులో లుబాన్ కొంటే నిప్పుల మీద వేయించి వాసన చూశాకే కొనండి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న హోజరీ రకం బాగా ఖరీదు, పసుపు, గోధుమరంగుల్లో ఉన్నది చవక. మేం అరకిలో చవకది, గుప్పెడు హోజరీ తెచ్చాం. మా అత్తగారు హోజరీ పలుకొకటి నిప్పుల్లో వేసి, "మన సాంబ్రాణంత పొగ రాదేం?" అని ఇంకో నాలుగు వేసేశారు.