ఏడేళ్ళుగా రోడ్డు మీదే మా కారు: గేర్ లాక్, ట్రాకర్, అలారం వాడి చూశాక

మా కారు 2018 మోడల్ స్విఫ్ట్. పెట్రోలు, మాన్యువల్ గేర్. కూకట్‌పల్లిలో మేము అద్దెకుండే అపార్ట్‌మెంట్‌లో మా ఫ్లాట్ వాటా పార్కింగ్‌లో ఓనరు గారి బండి ఉంటుంది. అందుకని కొన్న రోజు నుంచి మా కారు నిద్రపోయేది రోడ్డు మీదే, ఎదురింటి ప్రహరీ పక్కన. ఈ ఏడేళ్ళలో ఒకసారి అద్దం పగలగొట్టి బ్యాగు పట్టుకుపోయారు. ఇంకోసారి కారునే ఎత్తుకుపోవాలని చూశారు. ఈ కాలంలో నేను డబ్బు పెట్టి కొన్న ప్రతి వస్తువు గురించీ, అది నిజంగా ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను. ఇంటి లోపల పార్కింగ్ లేక రాత్రి పూట టెన్షన్ పడేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు, వాళ్ళకోసం.

ముందే చెప్పేస్తాను. ఒక్కటే కొనగలిగితే గేర్ లాక్ కొనండి. ట్రాకర్, అలారం, డ్యాష్‌క్యామ్, అన్నీ దాని తర్వాతే.

కారు వచ్చిన వారానికే యాక్సెసరీల షాపులో 1,700 రూపాయలిచ్చి గేర్ లాక్ పెట్టించాను. గేర్ రాడ్ పక్కన కన్సోల్‌కు కొంచెం కోత పెట్టి, చిన్న ఇనుప దిమ్మలాంటి దాన్ని కింద లోహానికి బోల్టులతో బిగిస్తారు. బండి ఆపి రివర్స్‌లో వేసి, వంకీ తిరిగిన కడ్డీని గేర్ రాడ్ చుట్టూ పెట్టి నొక్కితే టక్కుమని పడిపోతుంది. ఇక తాళంచెవి లేకుండా గేరు న్యూట్రల్‌కు రాదు. అంతే దాని పని. కరెంటు అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, ఏటా రీఛార్జి అక్కర్లేదు.

బిగించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. దీనికి వాడే బోల్టులు తల తెగే రకం అయి ఉండాలి. పూర్తిగా బిగుసుకున్నాక తల విరిగి ఊడి వస్తుంది, ఆ తర్వాత స్పానర్‌కు పట్టు దొరకదు. నాకు బిగించిన కుర్రవాడు తొందరలో మామూలు బోల్టులు వేయబోయాడు. ప్యాకెట్‌లో వేరేవి ఉన్నాయి కదా అని అడిగితే అప్పుడు మార్చాడు. మామూలు బోల్టులతో బిగిస్తే నాలుగు నిమిషాల్లో విప్పేస్తారు, ఆ 1,700 దండగే.

ఏడేళ్ళ వాడకంలో దీని ఇబ్బందులు కూడా చెప్పాలి. మూడో ఏడు నుంచి స్పీడ్ బ్రేకర్ల మీద టకటకమని చప్పుడు మొదలైంది. మెకానిక్ పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి కడ్డీ ఉండే చోట పెట్టాడు, చప్పుడు పోయింది. వానాకాలంలో తాళంచెవి బిగుసుకుంటుంది. అప్పుడు నూనె పోయకండి, దుమ్ము పట్టి ఇంకా మొండికేస్తుంది. పెన్సిల్ ములుకును చాకుతో గీకి, ఆ పొడిని తాళం రంధ్రంలోకి ఊదితే చాలు. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఈ తాళంచెవి కూడా ఇవ్వాలి, లేకపోతే వాళ్ళు బండిని కదపలేరు. డబ్బాలో ఒక నంబరు కార్డు వస్తుంది, డూప్లికేట్ కావాలంటే అదే ఆధారం. దాన్ని కారులో కాదు, ఇంట్లో బీరువాలో పెట్టండి.

ఇక 2021 ఆగస్టు సంగతి. రాత్రంతా జోరువాన. తెల్లవారుజామున ఐదున్నరకు పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి కాలింగ్ బెల్ కొట్టి, "సార్, మీ కారు డోరు తీసుంది, చూసుకోండి" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తాను. డ్రైవర్ వైపు తలుపు బార్లా తెరిచి ఉంది, సీటు వానకు తడిసి ముద్దయింది. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మూత ఊడబెరికి మ్యాట్ మీద పడేసి ఉంది. లోపలి నుంచి ఎరుపు, పసుపు, నలుపు వైర్లు పేగుల్లా వేలాడుతున్నాయి. స్టీరింగ్ తిప్పితే తాళం పడకుండా ఇటునుంచి అటు ఆడుతోంది, అంటే కంపెనీ వాళ్ళిచ్చే స్టీరింగ్ లాక్‌ను విరిచేశారు. గేర్ రాడ్ చుట్టూ ఉండే తోలు చిరిగిపోయింది. కన్సోల్ ప్లాస్టిక్ రెండు చోట్ల బీటలు వారింది. గేర్ లాక్ కడ్డీ మీద తెల్లగా మెరుస్తూ ఏడెనిమిది గీతలున్నాయి, ఒకచోట బియ్యపు గింజంత సొట్ట. కడ్డీ మాత్రం ఊడలేదు. గేరు రివర్స్‌లోనే ఉంది.

దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ కాకపోవడానికి కారణం గేర్ లాక్ కాదు. మా తాళంచెవిలో చిప్ ఉంటుంది, దాని సంకేతం అందకపోతే ఇమ్మొబిలైజర్ ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వదు. కానీ స్టీరింగ్ లాక్ విరిగాక, గేరు న్యూట్రల్‌లోకి వస్తే, ఇద్దరు మనుషులు చప్పుడు లేకుండా బండిని సందు చివరిదాకా నెట్టుకుపోగలరు. అక్కడ తాడు కట్టి లాక్కుపోతే తీరిగ్గా వేరేచోట పని కానిస్తారు. ఆ రాత్రి ఆ నెట్టుడుకు అడ్డుపడింది రివర్స్‌లో బిగిసిన గేరే అనుకుంటున్నాను. చిప్ ఒకటి ఆపితే గేర్ లాక్ ఇంకొకదానికి అడ్డుపడింది, రెండూ కావాలి. రిపేరుకు 11,000 అయింది. కారు మిగిలింది.

అమెరికాలో జరిగింది చూస్తే చిప్ విలువ తెలుస్తుంది. అక్కడ 2011 నుంచి 2021 దాకా అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే రకాలు చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. ఆ విషయం సోషల్ మీడియా వీడియోల్లో పాకిపోయి పిల్లలు సైతం కార్లు ఎత్తుకుపోయారు. చివరికి 2023లో కంపెనీలు సాఫ్ట్‌వేర్ మార్చాయి, స్టీరింగ్‌కు పెట్టుకునే ఇనుప లాకులు ఉచితంగా పంచారు. మీరు సెకండ్ హ్యాండ్‌లో పాత బండి కొంటుంటే ఇమ్మొబిలైజర్ ఉందా లేదా అని తప్పకుండా అడగండి.

ఆ స్టీరింగ్ లాక్ కడ్డీ నేనూ ఒక ఏడాది వాడాను. బయటి నుంచి కనపడుతుంది, అది దాని పెద్ద గుణం. గేర్ లాక్ చీకట్లో ఎవరికీ కనిపించదు, కాబట్టి దొంగ తలుపు తెరిచాకే దాన్ని చూస్తాడు. ఈ కడ్డీని చూస్తే తలుపు దగ్గరే ఆగే అవకాశం ఉంది. కానీ స్టీరింగ్ చక్రాన్నే కోసేస్తే కడ్డీ జారి వచ్చేస్తుంది. పైగా బరువు, రోజూ తీసి పెట్టడం బద్ధకం. ఇప్పుడు ఊళ్ళకు వెళ్ళి లాడ్జి ముందు బండి పెట్టినప్పుడే వాడుతున్నాను.

ట్రాకర్ 2019 చివర్లో పెట్టించాను. 3,800 వస్తువుకు, ఏటా 1,200 రీఛార్జికి. ఏ కంపెనీ అన్నది చెప్పను, ఈ తరహావన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. బండి ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది, ఇంజన్ ఆన్ అయితే మెసేజ్ వస్తుంది. 2021 ఆ రాత్రి కూడా వచ్చింది, 3:12కు. వైర్లు కలిపినప్పుడు ఇగ్నిషన్ ఆన్ అయిందని పంపింది. ఫోన్ సైలెంట్‌లో ఉంది, మేమంతా నిద్రలో ఉన్నాం. ట్రాకర్ చేసేది ఇదే: దొంగతనాన్ని ఆపదు, జరిగాక దారి చూపిస్తుంది. ఇప్పుడు ఆ ఒక్క యాప్‌కు మాత్రం సైలెంట్‌లో ఉన్నా మోగేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. మీ దగ్గర ట్రాకర్ ఉంటే ఈ పని ఇవాళే చేయండి.

ఇంకో పాఠం 2020 లాక్‌డౌన్‌లో తెలిసింది. మార్చి చివర ఆపిన బండిని మే నెలలో తీయబోతే కిక్కురుమనలేదు. ట్రాకర్, అలారం రెండూ పగలూ రాత్రీ కొంచెం కొంచెం కరెంటు లాగుతూ బ్యాటరీని పీల్చేశాయి. కొత్త బ్యాటరీ వేయించాల్సి వచ్చింది. నెల రోజులు ఊరెళ్తుంటే వారానికోసారి ఎవరితోనైనా ఇరవై నిమిషాలు నడిపించండి. ట్రాకర్ బిగించే చోటు గురించి కూడా చెప్పాలి. అందరూ స్టీరింగ్ కిందే పెడతారు, దొంగలు మొదట వెతికేదీ అక్కడే. నేను రెండోసారి వేరేచోటికి మార్పించాను. ఎక్కడో రాయను. చౌక ట్రాకర్లలో చాలావాటికి మొదటి పాస్‌వర్డ్ 123456 అని ఉంటుంది. మార్చకపోతే మీ బండి ఎప్పుడు ఎక్కడుంటుందో మీకన్నా ముందు ఇంకొకరికి తెలుస్తుంది.

అలారం గురించి ఎక్కువ రాయను. పిల్లి బానెట్ మీదకు దూకినా, దీపావళికి పక్క సందులో లక్ష్మీబాంబు పేలినా, నీళ్ళ ట్యాంకర్ వెళ్ళినా కూస్తుంది. మొదటి నెల అందరూ బాల్కనీల్లోకి వచ్చారు, మూడో నెలకు ఎవరూ రాలేదు. నాన్నా పులి కథే. సెన్సర్ పట్టును తగ్గించాను, ఆ తర్వాత పిల్లులకు కూయలేదు, ఆ ఆగస్టు రాత్రి దొంగలకూ కూయలేదు.

ఇప్పుడు అద్దం సంగతి. 2019 జూన్‌లో టిఫిన్ కోసం రోడ్డు పక్కన ఆపి పావుగంట లోపలికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి వెనక తలుపు అద్దం లేదు. సీటు మీద నా ల్యాప్‌టాప్ బ్యాగు లేదు, అందులోనే మా అమ్మ మందుల చీటీలు, స్కాన్ రిపోర్టులు ఉన్నాయి. ల్యాప్‌టాప్ పోయినందుకు కంటే ఆ రిపోర్టులకు ఎక్కువ బాధపడ్డాం, మళ్ళీ పరీక్షలన్నీ చేయించాల్సి వచ్చింది. పక్క అద్దాలు టెంపర్డ్ గాజువి, ఒక్క గట్టి దెబ్బకు రాళ్ళ ఉప్పులా రాలిపోతాయి, చప్పుడు కూడా పెద్దగా ఉండదు. ముందు అద్దం అలా కాదు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ఊడి పడదు. ఆ గాజు పలుకులు సీటు కుట్లలో, బెల్టు సందుల్లో ఆర్నెల్లపాటు దొరుకుతూనే ఉన్నాయి. మా పాప కూర్చునే ముందు ప్రతిసారీ నా భార్య సీటును అరచేత్తో తడిమి చూసేది.

అద్దాన్ని ఏ లాకూ కాపాడలేదు. కాపాడగలిగేది ఒక్కటే, లోపల ఏమీ కనిపించకపోవడం. సామాను డిక్కీలో పెట్టాలంటే బయలుదేరేటప్పుడే పెట్టండి, పార్కింగ్‌కు చేరాక అందరి ముందూ డిక్కీ తెరిచి పెడితే ఉపయోగం లేదు. ఫోన్ హోల్డర్ తీసినా అద్దం మీద దాని గుండ్రటి మరక ఉంటే లోపల ఫోనో ఇంకేదో ఉందనుకుంటారు, తుడిచేయండి. ఖాళీ బ్యాగు కూడా ఉంచకండి. అది ఖాళీదని వాళ్ళకు అద్దం పగిలాకే తెలుస్తుంది, అప్పటికి మన అద్దం పోయింది. నేను రాత్రిపూట డ్యాష్‌బోర్డు అర తెరిచి ఉంచుతాను, ఖాళీ అని బయటి నుంచే కనపడేలా.

ఇన్సూరెన్సులో నాకు ఆ రోజు తెలిసినవి. కారులోని సామాను మామూలు పాలసీ కిందికి రాదు, దానికి వేరే యాడ్ ఆన్ ఉండాలి. అద్దానికి క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడు 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతం దాకా వెళ్ళే ప్రీమియం తగ్గింపు అది. నాకు అద్దం 2,200లో అయిపోయింది, చేతి నుంచే పెట్టుకున్నాను. కారే పోతే మాత్రం ఎఫ్ఐఆర్, పోలీసులు బండి దొరకలేదని ఇచ్చే రిపోర్టు, రెండు తాళంచెవులూ అడుగుతారు. రెండో తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడే లేచి ఒకసారి చూసుకోండి. అదీ కారు అరలోనే పెట్టి ఉంటే క్లెయిమ్ చాలా కష్టమవుతుంది. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం ఉన్న పరికరం పెట్టిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండి నష్టానికి కట్టే భాగంలో, 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గేది. నేను కొన్న గేర్ లాక్‌కు ఆ సర్టిఫికెట్ లేదు, తగ్గింపు రాలేదు. కొనేటప్పుడు అడగండి.

మా బావమరిదిది బటన్ స్టార్ట్ కారు, చందానగర్‌లో ఇంటి గేటు ముందే పెడతాడు. అలాంటి కార్లకు భయం వేరే. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని బయట నుంచి ఒక పరికరంతో పట్టి కారు దాకా పొడిగిస్తారు, కారేమో యజమానే వచ్చాడనుకుని తెరుచుకుంటుంది. మొదట తాళంచెవిని చిన్న స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాం. డబ్బాను పట్టుకుని కారు పక్కన నిలబడి తలుపు బటన్ నొక్కితే తెరుచుకుంది. మూత వదులు. తర్వాత సంకేతాన్ని ఆపే పౌచ్ 450కి తెప్పించాను, అది ఆపింది. పద్నాలుగు నెలలకు మడత దగ్గర లోపలి పొర చిట్లి మళ్ళీ తెరుచుకోవడం మొదలైంది. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున వాడు అదే పరీక్ష చేస్తున్నాడు.

డబ్బు ఖర్చు లేనివి మూడు చెప్పి ముగిస్తాను. మా సందులో ప్రహరీకి ఎడమ వైపు తలుపులు తెరవరానంత దగ్గరగా పెడతాను, దాంతో ఒకవైపు నుంచి పని లేకుండా పోతుంది. చక్రాలను పూర్తిగా గోడ వైపు తిప్పి తాళం వేస్తాను. చెట్టు నీడ చూసి పెట్టడం మానేసి వీధి దీపం కింద పెడుతున్నాను, ఎండకు రంగు కాస్త వెలిసింది, పర్వాలేదు.

వచ్చే నెల అక్కకు కొత్త కారు డెలివరీ ఉంది, ఆటోమేటిక్. దానికీ గేర్ లాక్ వస్తుంది, పార్క్ స్థానంలో బిగిస్తారు. షోరూం నుంచి నేరుగా గుడికి, గుడి నుంచి నేరుగా ఆ షాపుకు అని అక్కకు చెప్పాను. బోల్టులు నేను దగ్గరుండి చూస్తాను.