అలంకరణ అల్లం దుంపల పెట్టె: ఆరు మొక్కలు, ఒకే సూచనల కాగితం

పూల కోసం పెంచుకునే ఉష్ణమండలపు అల్లం జాతి మొక్కలను ఒక్కొక్కటిగా వెతికి తెచ్చుకోవడం శ్రమతో కూడిన పని కాబట్టి, నాలుగైదు రకాల దుంపలను ఒకే పెట్టెలో సర్ది ఇంటికి పంపే పద్ధతి ఇంటితోటల వారికి సౌకర్యంగానే ఉంటుంది. అలాంటి ఒక పెట్టెను తెప్పించుకుని, అందులోని ఆరు రకాలను పెంచి చూసిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. దుంపల నాణ్యతకు మంచి మార్కులే వేయవచ్చు. వాటితో పాటు వచ్చిన సూచనల కాగితాన్ని మాత్రం అక్షరాలా పాటిస్తే రెండు రకాలు కుళ్లిపోతాయి, మరొకటి ఎన్నటికీ పూయదు.

పెట్టెలో బటర్‌ఫ్లై జింజర్, రెడ్ జింజర్, ఆకులపై పసుపు చారలుండే షెల్ జింజర్, టార్చ్ జింజర్, షాంపూ జింజర్, సయామ్ ట్యులిప్ ఉన్నాయి. ప్రతి దుంపను పొడిగా ఉన్న కొబ్బరి పొట్టులో పెట్టి, గాలి ఆడేలా రంధ్రాలు చేసిన కాగితపు సంచిలో విడివిడిగా కట్టారు. ప్లాస్టిక్ సంచిలో బిగించి పంపే దుంపలు దారిలోనే చెమర్చి బూజు పడుతుంటాయి కనుక ఈ జాగ్రత్త మెచ్చుకోదగినది. దుంప చేతికి బరువుగా, గట్టిగా తగలాలి, కనీసం రెండు కన్నులు స్పష్టంగా కనిపించాలి, కోసిన చోట గాయం ఎండి పొర కట్టి ఉండాలి. ఈ మూడు లక్షణాలూ ఐదు రకాలలో ఉన్నాయి. సయామ్ ట్యులిప్ విషయంలోనే లోపం కనిపించింది. దాని చిన్న దుంప అడుగున సన్నని వేళ్లు దిగి, వాటి చివర గుండ్రటి ఉబ్బెత్తు వేళ్లు వేలాడుతుంటాయి. మొక్క నీటిని, ఆహారాన్ని దాచుకునేది వాటిలోనే. అవి ఎక్కువగా ఉన్న దుంప త్వరగా లేచి బలమైన పూకాడ వేస్తుంది, ఊడిపోయిన దుంప బతికినా నీరసంగా మొదలవుతుంది. వచ్చినవాటిలో కొన్నింటికి ఆ వేళ్లు విరిగి సంచి అడుగున పడి ఉన్నాయి. అంత పెళుసైన సరుకును మిగిలిన మొద్దు దుంపల పక్కనే సర్దడం అజాగ్రత్త.

చీటీలపై వ్యాపార నామాలు తప్ప శాస్త్రీయ నామాలు లేకపోవడం మరో లోపం. షాంపూ జింజర్ చీటీ మీద పైన్‌కోన్ జింజర్ అని ఉంది. ఆ పేరుతో జింజిబర్ జెరుంబెట్ అమ్ముడవుతుంది, జింజిబర్ స్పెక్టబిలే కూడా అమ్ముడవుతుంది. మొదటిదాని పూబుడిపె ఆకుపచ్చగా మొదలై ఎరుపెక్కుతుంది, రెండోదాని బుడిపె పసుపు వన్నెలో తేనెపట్టు గదుల మాదిరిగా ఏర్పడుతుంది. పెట్టెలో వచ్చింది మొదటిదేనని పూత వచ్చిన తరువాతే తేలింది.

ఇక సూచనల కాగితం సంగతి. ‘ఏడాది పొడవునా మట్టి తడిగా ఉంచండి, నేరుగా ఎండ తగిలే చోట పెట్టండి’ అని ఆరింటికీ కలిపి రెండే వాక్యాలు రాశారు. నిజానికి ఈ ఆరింటి జీవన క్రమం ఒకటి కాదు. రెడ్ జింజర్, షెల్ జింజర్, టార్చ్ జింజర్ వెచ్చటి చోట ఏడాదంతా ఆకుతో ఉంటాయి. షాంపూ జింజర్, సయామ్ ట్యులిప్ మాత్రం ఏటా కొన్ని నెలలు పైభాగమంతా ఎండిపోయి నేల కింద నిద్రలోకి జారుకుంటాయి. బటర్‌ఫ్లై జింజర్ ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. చలి గట్టిగా ఉంటే కాడలు చచ్చి దుంప మిగులుతుంది, లేకపోతే పచ్చగానే కొనసాగుతుంది.

సయామ్ ట్యులిప్ థాయిలాండ్, లావోస్, కంబోడియా ప్రాంతాలలో వానలతో లేచి, వానలు వెళ్లాక ఎండిపోయే మొక్క. పగటి సమయం తగ్గుతున్న కొద్దీ అది తనంతట తానే ఎదుగుదల ఆపి దుంపలోకి ఒదిగిపోతుంది కాబట్టి, నీరు పోస్తూ ఉంటే మేలుకుని ఉంటుందనుకోవడం భ్రమ. ఆకులు పసుపు పచ్చగా మారడం మొదలుకాగానే నీరు తగ్గించి, పూర్తిగా ఎండాక ఆపివేసి, కుండీని వాన తగలని చోటికి జరపాలి. ఆ దశలోనూ తడి మట్టిలో ఉంచితే పీల్చుకునే వేళ్లు లేని దుంప కొద్ది వారాలలోనే మెత్తబడి దుర్వాసన వేస్తుంది. షాంపూ జింజర్‌కూ ఇదే నియమం. దుంపలను తవ్వి తీసి పొడి కొబ్బరి పొట్టులో దాచుకోవచ్చు కానీ ఫ్రిజ్‌లో పెట్టరాదు, అంత చలిని అవి ఓర్చుకోలేవు.

ఎండ గురించిన సూచన కూడా సగమే సరైనది. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ ఈ జాతిలో చాలా మొక్కలకు నప్పుతాయి. సయామ్ ట్యులిప్ ఎక్కువ వెలుగును కోరుతుంది, రెడ్ జింజర్ ఆకులు మాత్రం మండే ఎండకు అంచుల వెంట మాడిపోతాయి.

పెట్టెలోని మొక్కలలో నాకు అన్నిటికంటే నచ్చింది బటర్‌ఫ్లై జింజర్, అంటే హెడీకియం కొరొనేరియం. హిమాలయ పాదాల నుంచి దక్షిణ చైనా దాకా వ్యాపించిన ఆసియా మొక్క ఇది; అయినా క్యూబా దీనిని జాతీయ పుష్పంగా చేసుకుంది. తెల్లని పూలు సాయంత్రం వేళకు విచ్చుకుని, చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగులను పిలవడానికి పరిమళం వెదజల్లుతాయి. ఒక్కో పువ్వు ఒకటి రెండు రోజులకే వాడిపోయినా గుచ్ఛంలో మొగ్గలు విడతలవారీగా విచ్చుకుంటాయి కనుక కాడకు పూల కరువు ఉండదు. మనకు రేకులుగా కనిపించే వెడల్పైన భాగాలు నిజమైన ఆకర్షక పత్రాలు కావు, రూపం మార్చుకున్న వంధ్య కేసరాలు, అంటే పుప్పొడి ఇవ్వని కేసరాలు. అసలు ఆకర్షక పత్రాలు వాటి వెనుక సన్నని పోగుల్లా దాగి ఉంటాయి. సాగులో ఇంత ఓర్పున్న మొక్క పెట్టెలో మరొకటి లేదు. నీరు నిలిచే నేలను కూడా సహిస్తుంది, కాగితంలోని ‘ఎప్పుడూ తడి’ అన్న మాట నిజంగా వర్తించేది ఎదుగుదల కాలంలో దీనికే. దుంపను లోతుగా పూడ్చకుండా వీపు భాగం మట్టిపైకి కనిపించేలా నాటితే పిలకలు త్వరగా వస్తాయి. ఒకసారి పూసిన కాడ మళ్లీ పూయదు, దానిని మొదలంటా కోసేస్తే కొత్త పిలకలకు చోటు దొరుకుతుంది.

ఈ కత్తిరింపు దగ్గరే సూచనల కాగితం రెండో పొరపాటు చేసింది. ఏటా చలికాలం చివర కాడలన్నీ నేలమట్టానికి కోయమని అందులో ఉంది. బటర్‌ఫ్లై జింజర్‌కు దానివల్ల నష్టం లేదు. షెల్ జింజర్, అంటే ఆల్పీనియా జెరుంబెట్, ముందు ఏడాది లేచిన కాడల చివర మరుసటి ఏడాది పూస్తుంది. వాటిని ఏటా నరికేవారికి చారల ఆకులు దక్కుతాయి తప్ప, శంఖాల వంటి తెలుపు గులాబీ మొగ్గల గెలలు ఎన్నటికీ కనిపించవు. పూసి ముగిసిన కాడలను, ఎండిన వాటిని మాత్రమే తీసివేయడం సరైన పద్ధతి. పూత రాకపోయినా ఆకుల కోసమే పెంచదగిన మొక్క కావడంతో చాలామంది ఈ నష్టాన్ని గమనించరేమో.

రెడ్ జింజర్ గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ఎర్రగా నిగనిగలాడేది పువ్వు కాదు, పుచ్ఛాల వరుస, అంటే పూల మొదట్లో ఉండే ఆకు వంటి భాగాలు. నిజమైన పూలు వాటి సందుల్లోంచి తొంగిచూసే చిన్న తెల్లని పూలు. అందుకే గుచ్ఛం చాలాకాలం వన్నె తగ్గకుండా నిలుస్తుంది, కోసి నీటిలో పెట్టుకోవడానికీ అనువుగా ఉంటుంది. ముదిరిన గుచ్ఛాలలో పుచ్ఛాల మధ్య చిన్న పిల్ల మొక్కలు వేళ్లతో సహా పుడతాయి. వాటిని వేరు చేసి నాటితే మళ్లీ దుంప కొనవలసిన అవసరమే ఉండదు. ఈ సంగతి అమ్మేవారు చెప్పకపోవడాన్ని అర్థం చేసుకోగలను.

కుండీల తోటకు తగినదంటూ అమ్మే పెట్టెలో టార్చ్ జింజర్‌ను చేర్చడం నాకు సమంజసంగా అనిపించలేదు. దీని (ఎట్లింజెరా ఎలేటియర్) ఆకుల కాడలు అనుకూలమైన చోట 5 మీటర్ల దాకా ఎదుగుతాయి, పూకాడలు ఆకుల కాడలతో సంబంధం లేకుండా దుంప నుంచి నేరుగా, ఆకులు లేకుండా లేస్తాయి. దుంప పక్కలకు పాకడానికి చోటు ఉంటేనే పూకాడలు వస్తాయి, చిన్న ముక్కతో మొదలుపెట్టినవారు పూత కోసం రెండు మూడేళ్లు ఎదురుచూడవలసి రావచ్చు. నా దగ్గర అది ఇంకా పూయలేదు. నేలలో విశాలమైన చోటు, చలి తగలని వాతావరణం ఉన్నవారికి ఇది పెట్టెలోకెల్లా విలువైన దుంప. మేడ మీద కుండీలలో పెంచేవారికి వట్టి ఆకుల గుబురు.

పెట్టెతో ఇచ్చిన కొబ్బరి పొట్టు బిళ్లను ఒంటరిగా వాడకపోవడం మంచిది. అది నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, అలాంటి మాధ్యమంలో శిలీంధ్రాన్ని పోలిన పిథియం అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే దుంపకుళ్లు సులువుగా పట్టుకుంటుంది. దానికి సమంగా పశువుల ఎరువో కంపోస్టో, కొంత ముతక ఇసుకా కలిపితే నీరు దిగిపోతుంది. కూడా వచ్చిన ఎరువు గుళికలు బాగానే పనిచేశాయి. ఈ మొక్కలు తిండిపోతులే అయినా, ఎరువు మోతాదు మించితే లవణాలు పేరుకుని ఆకుల కొనలు గోధుమరంగుకు తిరుగుతాయి.

కాగితంలో ఉండి తీరవలసిన ఒక హెచ్చరిక అసలే లేదు. బటర్‌ఫ్లై జింజర్ హవాయి వంటి చోట్ల వాగుల వెంట పాకి స్థానిక మొక్కలను అణచివేసింది. దాని దగ్గరి బంధువైన కహిలి జింజర్ ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలోకి ఎక్కింది. ఆ కహిలి జింజర్‌నే ‘తర్వాత కొనదగినది’ అంటూ కరపత్రంలో ప్రకటించారు. దుంప ముక్క ఎక్కడ పడినా మొలకెత్తే గుణం వీటిది కనుక, విడదీసినప్పుడు మిగిలిన ముక్కలను కాలువల పక్కన, ఖాళీ స్థలాలలో పారేయకూడదు.

మొలకెత్తని దుంపకు మారు దుంప పంపే హామీ ఉంది, గడువు 45 రోజులు. వెచ్చటి మట్టిలో బటర్‌ఫ్లై జింజర్‌కు అది చాలినంత సమయమే. నిద్రలో ఉన్న షాంపూ జింజర్, సయామ్ ట్యులిప్ దుంపలు మాత్రం మట్టి వేడెక్కేవరకు కదలవు. చలి పూర్తిగా పోకముందే పెట్టె అందుకున్నవారికి అవి కళ్లు తెరిచేలోపే గడువు తీరిపోతుంది. గడువు ముగియడానికి వారం ముందు దుంప పక్కన మట్టిని వేలితో జరిపి నొక్కి చూడాలి. గట్టిగా ఉండి, గోటితో గీరితే లోపల తాజాగా కనిపించి అల్లం వాసన వస్తే మళ్లీ కప్పి ఆగవచ్చు. మెత్తగా నొక్కుకుపోతే ఫొటో తీసి ఆ రోజే ఫిర్యాదు పంపాలి. నేను పంపిన ఫిర్యాదుకు రెండో దుంప ఇచ్చారు, ఈసారి వేళ్లు విరగకుండా విడి డబ్బాలో పెట్టి.