గీజ్‌లో కార్మికుల మేడ: అమ్మతో ఒక రోజు

పారిస్ వచ్చిన మూడు వారాలకే అమ్మకు విసుగొచ్చింది. "కోటలూ చర్చిలూ చాల్లేరా, మామూలు మనుషులు బతికిన చోటేదైనా చూపించు" అంది. అలా ఉత్తర ఫ్రాన్స్‌లోని గీజ్ అనే చిన్న ఊరికి బయల్దేరాం. గొడాన్ అనే పొయ్యిల వ్యాపారి తన ఫ్యాక్టరీ కార్మికుల కోసం కట్టించిన ఫామిలిస్తేర్ అనే ఇళ్ల సముదాయం అక్కడే ఉంది.

ముందు దారి సంగతి చెప్పాలి, మేం దెబ్బతిన్నది అక్కడే. గీజ్‌కు రైలు లేదు. పారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో రైలెక్కి గంటన్నరలో సాన్ కాంతాన్‌లో దిగి, అక్కణ్ణుంచి ఇంకో పాతిక కిలోమీటర్ల పైన రోడ్డు మీద వెళ్లాలి. నేను తెలివిగా ఆదివారం పెట్టుకున్నాను. స్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాక తెలిసింది, నేను చూసుకున్న బస్సు వారం మధ్యలోదని. టాక్సీకి అయిన డబ్బు రైలు టికెట్ల కంటే ఎక్కువ. అమ్మకు ఆ లెక్క ఇంతవరకూ చెప్పలేదు.

లోపలికి అడుగు పెట్టాక మాత్రం టెన్షన్ అంతా పోయింది. నాలుగు వైపులా ఇళ్లు, మధ్యలో పెద్ద వాకిలి, దాని మీద గాజు కప్పు. ప్రతి అంతస్తులో చుట్టూ నడవా, ఆ నడవాలోకే ఇళ్ల తలుపులు. అమ్మ పుట్టింది మండువా ఇంట్లో. కాసేపు తలెత్తి చూసి, "మన మండువాకే అద్దాల కప్పేసి, మేడ మీద మేడ కట్టాడు కదరా" అంది. ఆర్కిటెక్టులు రాసిన వర్ణనలు కొన్ని చదివాను, నాకు ఇంత బాగా ఏదీ అర్థం కాలేదు.

గొడాన్ 1817లో పుట్టాడు. తండ్రి తాళాల పని చేసేవాడు, ఈయనా చిన్నప్పుడే ఇనుప పనిలో పడ్డాడు. చలికాలంలో గది వెచ్చబెట్టే పొయ్యిలను రేకుతో కాకుండా పోత ఇనుముతో చేసి 1840లో పేటెంట్ తీసుకున్నాడు. డబ్బు బాగా వచ్చింది. జనం కలిసి బతికే ఊళ్లు కట్టాలన్న ఫూరియే అనే ఆలోచనాపరుడి మాటలు తలకెక్కి, టెక్సస్‌లో లా రేయూనియోన్ అనే ఆదర్శ గ్రామం పెడతామన్నవాళ్లకు ఆస్తిలో మూడో వంతు ఇచ్చి పోగొట్టుకున్నాడు. డాలస్‌లో మనవాళ్లంతా ఫొటోలు దిగే రీయూనియన్ టవర్ పేరు ఆ గ్రామం నుంచి వచ్చిందే. ఆ దెబ్బతో ఇంకొకరిని నమ్మడం మానేసి, 1859లో తన ఫ్యాక్టరీ పక్కనే తానే ఈ ఇళ్లు కట్టడం మొదలుపెట్టాడు.

కూలీలకు డబ్బు పంచినంత మాత్రాన సరిపోదు, డబ్బున్నవాళ్ల ఇంట్లో ఉండే వెలుతురు, గాలి, నీళ్లు, చదువు వీళ్లకూ అందాలి అన్నది ఆయన లెక్క. అందుకే ప్రతి అంతస్తుకూ మంచినీళ్లు, మరుగుదొడ్లు, చెత్త కిందికి జారవిడిచే గొట్టం పెట్టించాడు. కింది ఇళ్లకు వెలుతురు తక్కువ కాబట్టి అక్కడ కిటికీలు పెద్దవి, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే బడి, థియేటర్, కార్మికుల కొట్లు కూడా వచ్చాయి. నాకు బాగా నచ్చింది బట్టలుతికే భవనంలోని ఈతకొలను. పిల్లలు దిగితే లోతు తగ్గేలా అడుగు పలకను పైకి లేపొచ్చు. ఇదంతా 1870లో!

1880లో ఫ్యాక్టరీని, ఇళ్లను సహకార సంఘానికి రాసిచ్చే ఏర్పాటు చేశాడు. లాభంలో కార్మికుల వాటాను చేతికి డబ్బుగా కాకుండా షేర్లుగా ఇచ్చారు, అలా కొన్నేళ్లకు వాళ్లే యజమానులయ్యారు. కానీ అందరూ సమానం కాదు. సభ్యుల్లో మెట్లున్నాయి, సంఘం ఇళ్లలో చోటు దొరకని కార్మికులూ ఉన్నారు. నా మటుకు అసలు లోపం అదే. అమ్మ పట్టుకున్నది ఇంకోటి: "పొద్దున్నే జుట్టు విరబోసుకుని తలుపు తీస్తే మేడంతా చూస్తుందిగా. ఇంట్లో గట్టిగా పోట్లాడుకోవడానికైనా లేదు." సంఘం మాత్రం 1968 దాకా నడిచింది. తర్వాత మామూలు కంపెనీ అయింది, ఇళ్లు అమ్మేశారు. ఆ తర్వాత కూడా గొడాన్ పొయ్యిలు ఈ ఊళ్లోనే తయారయ్యాయి.

ఇప్పుడు ఇక్కడున్న మ్యూజియం చూడ్డానికి తక్కువలో తక్కువ నాలుగు గంటలు ఉంచుకోండి. టికెట్ కౌంటర్, పుస్తకాల కొట్టు ఉన్నది పాత సహకార కొట్ల భవనంలోనే. మాకు దొరికిన గైడ్ ఫ్రెంచ్‌లోనే చెప్పారు. ఓపిగ్గా, నెమ్మదిగా చెప్పడంతో నేను అమ్మకు తెలుగులో చెప్పగలిగాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై అంతస్తుల మెట్ల గురించి ముందే అడగండి. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కాపురాలున్నాయి, నడవాల్లో గొంతు తగ్గించి మాట్లాడండి.

గీజ్‌లో బస గురించి పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. మేం దిగిన గది శుభ్రమే కానీ హీటర్ రాత్రంతా చల్లగానే ఉంది. పొయ్యిల ఊళ్లో చలికి వణికాం! మళ్లీ వెళ్తే సాన్ కాంతాన్‌లోనే దిగుతాను, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తిరిగి కట్టిన ఆ ఊరి భవనాలూ చూడదగ్గవే. తిండి దగ్గర శాకాహారులకు మిగిలేది మారువాల్ చీజ్ వేసిన టార్ట్. ఆ వాసనకు అమ్మ ముక్కు మూసుకుని, తెచ్చుకున్న పులిహోర డబ్బా తీసింది.

వీలుంటే మే 1న వెళ్లండి. 1867లో ఇక్కడ మొదలుపెట్టిన పని పండగను ఇప్పుడు ఆ రోజే చేస్తున్నారు. కాకపోతే ఆ రోజు దేశమంతా సెలవు, బస్సు సంగతి మాత్రం ముందే చూసుకోండి.