కాపిలానోనా, లిన్ కాన్యనా? వాంకూవర్‌లో ఏ ఊగే వంతెన మేలు?

ఊరి నుంచి అమ్మానాన్నలు కెనడాలోని వాంకూవర్ వస్తే చూపించే చోట్లలో కాపిలానో ఊగే వంతెన తప్పకుండా ఉంటుంది. పెద్దవాళ్లకు టికెట్ తలకు 60 డాలర్ల పైమాటే. అదే నార్త్ వాంకూవర్‌లో ఉన్న లిన్ కాన్యన్ వంతెన దాటడానికి టికెట్టే లేదు. వంతెన ఒక్కటే చూడాలనుకుంటే మా ఓటు లిన్‌కే.

కాపిలానో పొడవు 140 మీటర్లు, నదికి 70 మీటర్ల ఎత్తున ఉంటుంది. లిన్ 48 మీటర్ల పొడవు, 50 మీటర్ల ఎత్తు. కిందికి చూస్తే కళ్లు తిరగడం రెండుచోట్లా ఒకటే. తేడా అంతా నడకలో ఉంది. పొడవు ఎక్కువ కాబట్టి కాపిలానో మధ్యలో బాగా కిందికి వంగి ఉంటుంది: మొదట దిగుడు, తర్వాత ఎక్కుడు. జనం అడుగులు ఒకే లయలో పడితే ఊపు పెరుగుతుంది, నడిమధ్యన మరీ ఎక్కువ. భయపడేవాళ్లు ఒక చెయ్యి కమ్మీ మీద ఉంచి, చూపు అవతలి గట్టు మీద నిలిపి, చిన్న చిన్న అడుగులతో నడవాలి. మధ్యలో ఫొటోకి ఆగితే వెనకాల వరస నిలిచిపోతుంది. లిన్ వంతెన ఇరుకు, ఎదురుగా వచ్చేవాళ్లకి పక్కకి ఒదిగి దారివ్వాలి. కానీ నిమిషంలో దాటేస్తారు.

చరిత్ర కోసం వెళ్లేవాళ్లకి ఒక మాట. కాపిలానోలో 1889లో జార్జ్ గ్రాంట్ మెకే కట్టించింది నార తాళ్లు, దేవదారు పలకల వంతెన. 1903లో దాని స్థానంలో ఉక్కు తీగల వంతెన వచ్చింది, 1956లో మొత్తం మళ్లీ కట్టారు. మీరు నడిచేది ఆ 1956 వంతెన మీద. లిన్ 1912లో తెరిచారు, అప్పట్లో దాటడానికి 10 సెంట్లు తీసుకునేవారు.

కాపిలానోలో మీ డబ్బు వెళ్లేది వంతెన చుట్టూ ఉన్నవాటికి: చెట్ల నడుమ కట్టిన 7 చిన్న వంతెనలు, 2011లో కొండ అంచున వేసిన నడకదారి. మూడు గంటలు తీరిక ఉంటేనే ఆ టికెట్ గిట్టుబాటు. వాంకూవర్ ఉన్న రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో ఉండేవాళ్లకి ఒకరోజు ధరకే ఏడాది పాస్ ఇస్తారు, చిరునామా రుజువు దగ్గర ఉంచుకోండి. అలాంటి కుటుంబానికైతే కాపిలానోయే లాభం. చక్రాల కుర్చీతో మాత్రం ఆ వంతెన దాటలేరు.

లిన్‌లో ట్విన్ ఫాల్స్ జలపాతం వైపు మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వంతెన దాకా వచ్చి వెనుదిరగడం మంచిది. వేసవిలో కుర్రాళ్లు బండల మీంచి నీళ్లలోకి దూకుతుంటారు. ఎండాకాలంలోనూ ఆ నీరు మంచులా ఉంటుంది, అడుగున సుడులుంటాయి, అక్కడ ప్రాణాలు పోయాయి. పిల్లల్ని దూకనివ్వొద్దు.

కారు లేకపోతే సీబస్ అనే ఫెర్రీలో ‘లాన్స్‌డేల్ కీ’ రేవుకి చేరి, కాపిలానోకి 236, లిన్‌కి 228 బస్సు ఎక్కండి. 228 దిగాక కాస్త నడవాలి. వాన పడితే రెండుచోట్లా పలకలు జారుతాయి, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.