పాంటోప్రజోల్ 40: ఆరేళ్లు వాడాక

మోకాళ్ల నొప్పులకు ఎసిక్లోఫెనాక్ రాసినప్పుడు, కడుపులో మంట రాకుండా పరగడుపున వేసుకోమని ఈ పాంటోప్రజోల్ గ్యాస్ బిళ్లనీ రాశారు. రాసింది నెల రోజులకు. నేను ఆరేళ్లు మింగాను, నొప్పి బిళ్లతో పాటే.

పనికి వంక పెట్టలేను. టిఫినుకు అరగంట ముందు వేసుకుంటే ఆవకాయ తిన్నా పుల్లటి తేన్పు వచ్చేది కాదు. మెడికల్ షాపులో చీటీ కూడా అడిగేవారు కాదు.

ఐదో ఏట నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఆరేడుసార్లు, అర్ధరాత్రి లేచి కూడా. నెత్తురు లేదు, జ్వరం లేదు. బస్సెక్కాలంటే టెన్షన్. పాలు మానేశాను, కారం మానేశాను, రెండు నెలలు పెరుగన్నంతో గడిపాను. మంచినీళ్ల క్యానును కూడా అనుమానించాను గానీ బిళ్లల జోలికి పోలేదు. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని ఇద్దరు డాక్టర్లు అడిగితే "బీపీదొక్కటే" అన్నాను. గ్యాస్ బిళ్లని మందుల లెక్కలో ఎవరేస్తారు!

మూడో డాక్టరు మందుల డబ్బా మొత్తం తెమ్మన్నారు. కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో లోపల చూసే పరీక్షలో, పెద్దపేగు మామూలుగానే ఉంది. అయినా చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపితే మైక్రోస్కోపిక్ కొలైటిస్ అని తేలింది. పేగు పొరలో లింఫోసైట్లనే ఒక రకం తెల్ల రక్తకణాలు పేరుకుని వచ్చే వాపు, కంటికి ఆనదు. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువట. ఒమెప్రజోల్, లాన్సోప్రజోల్ జాతి గ్యాస్ మందులకీ (పాంటోప్రజోల్‌దీ అదే జాతి), ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకీ, డిప్రెషన్‌కిచ్చే సెర్ట్రలిన్‌కీ దీనితో సంబంధం ఉందన్నారు. నా విషయంలో ఏది కారణమో ఖాయంగా చెప్పలేమనీ, ఆపి చూద్దామనీ అన్నారు.

గ్యాస్ బిళ్ల, నొప్పి బిళ్ల రెండూ ఆపాను. మొదటి రెండు వారాలు గుండెల్లో మంట మునుపటికంటే ఎక్కువైంది, అదొక నరకం. పేగు వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు బుడెసొనైడ్ రోజుకు 9 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలు వాడాను. పదిహేను రోజులకే విరేచనాలు కట్టాయి. కోర్సు అయి ఎనిమిది నెలలు, మళ్లీ రాలేదు. మోకాళ్లకు వేడినీళ్ల కాపడం, మరీ తప్పనప్పుడు పారాసెటమాల్.

నా కథ విని, ఇదే బిళ్ల వాడే మా వదిన తనూ మానేస్తానంది. ఆవిడ గుండెకు ఆస్పిరిన్ వాడుతుంది, ఒకసారి కడుపులో పుండు పడి రక్తం పోయింది కూడా. మళ్లీ పుండు పడకుండా కాచేది ఈ బిళ్లే కాబట్టి ఆవిడ డాక్టరు ససేమిరా అన్నారు. నేను దీనికి ఐదుకు మూడిస్తాను. మా వదిననడిగితే ఐదూ ఇస్తుంది.